టెస్టింగ్‌లో ఒక లెవెల్ ఎగ్గొట్టొచ్చా?

రిలీజ్ తేదీ కదలదు. డెవలప్‌మెంట్ రెండు వారాలు లేటవుతుంది, ఆ రెండు వారాలూ టెస్టింగ్ ఖాతాలోంచి పోతాయి, అప్పుడు మీటింగ్‌లో ఎవరో ఒకరు చాలా మామూలుగా అనేస్తారు: "యూనిట్ టెస్టులన్నీ పాసయ్యాయి కదా, ఈసారికి సిస్టమ్ టెస్టింగ్ వదిలేద్దామా?" ఇంకో టీమ్‌లో ఇదే ప్రశ్న తలకిందులుగా వస్తుంది: "ఫ్లో మొత్తం చివరిదాకా పనిచేస్తోంది, ఇక కూర్చుని యూనిట్ టెస్టులు రాయడం ఎందుకు?" రెండూ ఒకే ప్రశ్నలా కనిపిస్తాయి కానీ కావు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కింది లెవెల్‌ని (యూనిట్ టెస్టుల వైపుది) వదిలేయడం చాలాసార్లు కుదురుతుంది, పై లెవెల్‌ని (సిస్టమ్ టెస్టింగ్ వైపుది) వదిలేయడం దాదాపు ఎప్పుడూ కుదరదు. కాకపోతే ఆ "చాలాసార్లు" అన్న మాటకి గట్టి మినహాయింపులున్నాయి, అవి చదవకుండా ఈ పేరా స్క్రీన్‌షాట్ తీసి మేనేజర్‌కి పంపకండి.

పుస్తకాల్లో లెవెల్స్ నాలుగు: యూనిట్, ఇంటిగ్రేషన్, సిస్టమ్, యాక్సెప్టెన్స్. అమీర్‌పేటలో టెస్టింగ్ కోర్సులో చేరితే మొదటి వారంలోనే బోర్డు మీద గీసి చూపిస్తారు, ఇంటర్వ్యూలో అడిగితే అందరూ గడగడా చెప్పేస్తారు. చిక్కేమిటంటే చాలామందికి ఇవి సైజులుగా గుర్తుండిపోతాయి. చిన్న ముక్క, కొంచెం పెద్ద ముక్క, మొత్తం. సైజుల లెక్కలో ఆలోచిస్తే ఏది వదిలేయొచ్చో ఎప్పటికీ తేలదు, ఎందుకంటే మొత్తాన్ని టెస్ట్ చేస్తే ముక్కలన్నీ అందులో ఉన్నట్టే కదా అనిపిస్తుంది, ముక్కలన్నీ టెస్ట్ చేస్తే మొత్తం చేసినట్టే కదా అని కూడా అనిపిస్తుంది.

దాని బదులు ఒకటే అడగండి: ఈ టెస్టులో ఏది అసలుది, ఏది ఉత్తుత్తిది? యూనిట్ టెస్టులో ఆ ఒక్క ఫంక్షన్ మాత్రమే అసలుది. డేటాబేస్ మాక్ (అసలుదానిలా నటించే నకిలీ), పేమెంట్ గేట్‌వే మాక్, చివరికి గడియారం కూడా మాక్. ఇంటిగ్రేషన్‌కి వచ్చేసరికి రెండు మూడు అసలు ముక్కలు ఒకదాంతో ఒకటి మాట్లాడతాయి, మిగతావి స్టబ్‌లు, అంటే వాటి చోట పెట్టిన ఉత్తుత్తి ముక్కలు. సిస్టమ్ టెస్టులో సాఫ్ట్‌వేర్ అంతా అసలుదే కానీ డేటా మనం తయారు చేసింది, వాడేది మన టెస్టరు. యాక్సెప్టెన్స్‌లో, అంటే యూఏటీలో (యూజర్ యాక్సెప్టెన్స్ టెస్టింగ్), వాడే మనిషి కూడా అసలు మనిషే, లేదా అలా అయి ఉండాలి. కింది మెట్టులో మనం ఊహించుకున్నదాన్ని పై మెట్టులో తీసేసి అక్కడ నిజమైనదాన్ని పెడుతున్నాం, అంతే. కాబట్టి ఒక లెవెల్ వదిలేయడం అంటే ఫలానా ఊహను ఎవరూ సరిచూడకుండానే ప్రొడక్షన్‌కి పంపడం. ఆ ఊహ ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పగలిగితే వదిలేయడం గురించి మాట్లాడుకోవచ్చు, చెప్పలేకపోతే అసలు చర్చే అనవసరం.

ఈ పని పెద్ద ఎత్తున, కళ్లు తెరుచుకునే చేసిన ఉదాహరణ బోయింగ్ స్టార్‌లైనర్. 2019 డిసెంబర్ 20న మనుషులు లేకుండా ఈ క్యాప్సూల్‌ని అట్లాస్ 5 రాకెట్ మీద అంతరిక్ష కేంద్రానికి పంపారు. రాకెట్ తన పని సరిగ్గానే చేసింది. క్యాప్సూల్ మాత్రం మిషన్ మొదలై ఎంతసేపైందో తెలుసుకోవడానికి రాకెట్ నుంచి టైమ్ తీసుకుని, ఆ తీసుకోవడంలోనే 11 గంటల తేడా తెచ్చుకుంది. తను ఎక్కడున్నదో తెలియక, ఉండాల్సిన దశ కాకుండా ఇంకేదో దశలో ఉన్నాననుకుని థ్రస్టర్లు తెగ పేల్చేసి ఇంధనం ఖర్చు చేసింది, ఇక డాకింగ్ (అంతరిక్ష కేంద్రానికి అతుక్కోవడం) సాధ్యం కాలేదు, రెండు రోజుల తర్వాత న్యూమెక్సికోలో దింపేశారు. అది పైన తిరుగుతుండగానే కింద కోడ్ మళ్లీ తిరగేస్తే సర్వీస్ మాడ్యూల్ విడిపోయే దశలో ఇంకో బగ్ బయటపడింది. దాన్ని దింపేలోపే సరిచేసి పైకి పంపారు కాబట్టి సరిపోయింది.

మరి వీళ్లు టెస్ట్ చేయలేదా అంటే, బోలెడు చేశారు. ముక్కలు ముక్కలుగా చేశారు. లాంచ్ నుంచి రాకెట్‌తో విడిపోయేదాకా ఒక ముక్క, ఆ తర్వాతది ఇంకో ముక్క. లాంచ్ నుంచి డాకింగ్ దాకా ఒకే పరుగుగా సిమ్యులేషన్ నడపాలంటే 25 గంటలకు పైగా పడుతుందని, ముక్కలుగా చేయడమే మేలనుకున్నామని 2020 ఫిబ్రవరిలో బోయింగ్ తరఫున ప్రోగ్రామ్ మేనేజరే చెప్పారు. మొదటి ముక్క టెస్టు రాకెట్ విడిపోయిన చోట ఆగిపోయింది. ఇంకాస్త ముందుకు, కక్ష్యలోకి వెళ్లే ఇంజిన్ మండే సమయం దాకా నడిపి ఉంటే తప్పు దొరికిపోయేదని కూడా ఆయనే ఒప్పుకున్నారు. మళ్లీ ఎగరడానికి కంపెనీ తన లెక్కల్లో పక్కన పెట్టిన మొత్తం 41 కోట్ల డాలర్లు. ఆదా చేసింది 25 గంటల ల్యాబ్ టైమ్.

ఇక్కడ చూడాల్సింది ఆ బగ్ ఏ ముక్కలో ఉందన్నది కాదు. రెండు ముక్కల మధ్య కోసిన చోట ఉంది. ప్రతి ముక్కా తనకి సరైన టైమ్ వస్తుందన్న ఊహతో మొదలైంది, ఆ ఊహ నిజమో కాదో చూసే టెస్టు మాత్రం లేదు. మన ప్రాజెక్టుల్లో కూడా ఇదే, కాకపోతే రాకెట్లు ఉండవు. ఆర్డర్ సర్వీస్ టెస్టులో తేదీ ఐఎస్‌టీ (భారత కాలమానం) అనుకున్నారు, ఇన్వాయిస్ సర్వీస్ టెస్టులో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక కాలం) అనుకున్నారు, రెండు టీమ్‌ల డ్యాష్‌బోర్డులూ పచ్చగానే ఉంటాయి, నెలాఖరు రాత్రి మాత్రం కొన్ని బిల్లులు పక్క నెలలోకి జారిపోతాయి.

ఇంకా పాత కథ ఏరియన్ 5. చాలామంది దీన్ని "64 బిట్ల సంఖ్యని 16 బిట్లలో కుక్కారు, రాకెట్ పేలిపోయింది" అని ఒక్క లైన్లో చెప్పేస్తారు, అది నిజమే కానీ అసలు విషయం అది కాదు. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కురూ నుంచి బయల్దేరిన ఆ రాకెట్, మెయిన్ ఇంజిన్ మండాక దాదాపు 37 సెకన్లకే దారి తప్పి ముక్కలైంది. దిశ చెప్పే యూనిట్‌నీ అందులోని సాఫ్ట్‌వేర్‌నీ ఏరియన్ 4 నుంచి తెచ్చారు. అడ్డంగా వెళ్లే వేగానికి సంబంధించిన ఒక విలువ ఏరియన్ 4లో అంత పెద్దది అయ్యే అవకాశం లేదు, అందుకే ఆ వేరియబుల్‌కి రక్షణ పెట్టలేదు. ప్రాసెసర్ మీద భారం పెరగకూడదని లెక్కేసి, ప్రమాదం ఉందనుకున్న ఏడు వేరియబుల్స్‌లో నాలుగింటికే పెట్టారు. ఏరియన్ 5 దారి వేరు, మొదట్లోనే అడ్డ వేగం చాలా ఎక్కువ. విలువ పట్టలేదు, బ్యాకప్ యూనిట్ పడిపోయింది, 72 మిల్లీసెకన్లకి అదే సాఫ్ట్‌వేర్ నడుస్తున్న అసలు యూనిట్ కూడా అదే కారణంతో పడిపోయింది, అది పంపిన ఎర్రర్ సమాచారాన్ని మెయిన్ కంప్యూటర్ నిజమైన ఫ్లైట్ డేటా అనుకుని నాజిళ్లని ఒక్కసారిగా తిప్పేసింది. ఇంకో వింత ఏమిటంటే తప్పు జరిగిన ఆ లెక్క నేల మీద ఉన్నప్పుడే పనికొచ్చేది, ఏరియన్ 5 గాల్లోకి లేచాక దానితో అవసరమే లేదు, పాత అలవాటు కొద్దీ ఇంకా నడుస్తూ ఉంది.

దర్యాప్తు బోర్డు నివేదికలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది సిమ్యులేషన్ల గురించి చెప్పిన భాగం. మొత్తం రాకెట్‌ని కంప్యూటర్లో ఎగరేసి చూసే టెస్టులు చేశారు, కానీ వాటిలో ఈ దిశా యూనిట్ అసలుది కాదు, దాని బదులు దాని ఔట్‌పుట్‌ని నటించే సాఫ్ట్‌వేర్ పెట్టారు. ఎందుకంటే ఈ యూనిట్ విడి పరికరంగా ఇప్పటికే పూర్తిగా క్వాలిఫై అయిందనుకున్నారు. అంటే కింది లెవెల్ పాసైందన్న ధైర్యంతో పై లెవెల్‌లో ఆ ముక్కకి మాక్ పెట్టేశారు. ఈ తర్కం మన ఆఫీసుల్లో ఎంత సహజంగా వినిపిస్తుందో గమనించండి: "అది షేర్డ్ లైబ్రరీ అండీ, పాత ప్రాజెక్టులో మూడేళ్ల నుంచి నడుస్తోంది."

ఈ రెండు కథల వల్ల అన్ని లెవెల్స్ ఎప్పుడూ చేయాల్సిందే అనుకుంటే అది కూడా తప్పే. విమానాల సాఫ్ట్‌వేర్‌కి వాడే డీఓ-178సీ అనే ప్రమాణం ఉంది, ఇంతకంటే కఠినమైనవి ఈ రంగంలో తక్కువ. అందులోనే ఒక వెసులుబాటు ఉంది. హార్డ్‌వేర్‌తో కలిపి గానీ, సాఫ్ట్‌వేర్ ముక్కలు కలిపి గానీ చేసిన పై స్థాయి టెస్టుతోనే అవసరమైన రిక్వైర్‌మెంట్లూ, కోడ్ కవరేజీ (కోడ్‌లో ఎంత భాగం టెస్టులో నడిచిందన్న లెక్క) పూర్తయితే అదే టెస్టుని కింది స్థాయిలో మళ్లీ చేయనక్కర్లేదు. దాని వెంటే, పై స్థాయి టెస్టు బదులు కింది స్థాయి టెస్టు పెడితే అంత బాగా పనిచేయకపోవచ్చని హెచ్చరిక కూడా ఉంది. వైద్య పరికరాల సాఫ్ట్‌వేర్ ప్రమాణం ఐఈసీ 62304 కూడా ఇదే దారిలో ఉంటుంది. సాఫ్ట్‌వేర్ చెడినా ఎవరికీ హాని జరగదనుకున్న 'క్లాస్ ఎ' వర్గానికి యూనిట్ వెరిఫికేషన్, ఇంటిగ్రేషన్ టెస్టింగ్ తప్పనిసరి కాదు, కానీ 2015 సవరణ తర్వాత సిస్టమ్ టెస్టింగ్ దానికి కూడా తప్పదు. రెండు ప్రమాణాలూ మినహాయింపు ఇచ్చేది కింది నుంచే.

మామూలు వెబ్ టీమ్‌లు సొంత అనుభవంతో ఇక్కడికే వచ్చాయి. 2009లో మైక్ కోన్ చెప్పిన పిరమిడ్ అందరికీ తెలుసు, అడుగున బోలెడు యూనిట్ టెస్టులు, పైకి వెళ్లేకొద్దీ తక్కువ. మైక్రోసర్వీసులు (ఒక్కో పనికి ఒక్కో చిన్న సర్వీస్) వచ్చాక స్పాటిఫై ఇంజినీర్లు 2018లో దీన్ని మార్చి, తేనెపట్టు ఆకారం అంటూ మధ్యలోని ఇంటిగ్రేషన్ టెస్టులకే పెద్దపీట వేశారు. కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఒక చిన్న సర్వీస్ రిక్వెస్ట్ తీసుకుని, డేటాబేస్‌లో రాసి, జవాబు పంపుతుంది, లోపల లాజిక్ అంటూ ఏమీ లేదు. దానికి రిపాజిటరీని (డేటాబేస్‌తో మాట్లాడే కోడ్‌ని) మాక్ చేసి యూనిట్ టెస్టు రాస్తే, మాక్‌కి మనం నేర్పిందే మాక్ తిరిగి అప్పజెప్పిందని తేలుతుంది తప్ప ఇంకేమీ తేలదు. అదే టెస్టుకి కంటైనర్‌లో అసలు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ లేపి పెడితే కాసేపట్లో అయిపోతుంది, కాలమ్ పేరు తప్పున్నా, నల్ వచ్చినా, తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారినా దొరికిపోతుంది. ఇలాంటి చోట యూనిట్ లెవెల్ ఎగ్గొట్టండి, ఎవరైనా కవరేజ్ శాతం అడిగితే ఇంటిగ్రేషన్ టెస్టుల కవరేజే చూపించండి.

ఇక మినహాయింపులు. కింది లెవెల్ ఎగ్గొట్టడం కుదరని చోటికి థెరాక్-25 కంటే పెద్ద ఉదాహరణ లేదు. కెనడాలో తయారైన ఈ రేడియేషన్ చికిత్స యంత్రం 1985 నుంచి 1987 మధ్య ఆరుగురు రోగులకి విపరీతమైన మోతాదు ఇచ్చింది, కొందరు చనిపోయారు. తర్వాత చేసిన పరిశోధనలో తేలినదాని ప్రకారం సాఫ్ట్‌వేర్‌ని విడిగా టెస్ట్ చేసింది చాలా తక్కువ, ఎక్కువ శ్రమ మొత్తం యంత్రాన్ని కలిపి నడిపి చూడడం మీదే పెట్టారు. అంటే పై లెవెల్ ఉంది, కింది లెవెల్ దాదాపు లేదు. అందులో ఒక బగ్ ఇలా ఉంటుంది: సెటప్ దశలో ఒక వేరియబుల్ సున్నా కాకపోతే యంత్రం భాగాలు సరైన చోట ఉన్నాయో లేదో చెక్ చేయాలి. "సున్నా కాదు" అని చెప్పడానికి స్థిరమైన విలువ పెట్టకుండా ప్రతిసారీ ఒకటి కలుపుతూ పోయారు, వేరియబుల్ సైజు ఒక బైట్, కాబట్టి ప్రతి 256వ సారి అది తిరిగి సున్నా అవుతుంది, ఆ ఒక్కసారి చెక్ జరగదు. సరిగ్గా అదే క్షణంలో ఆపరేటర్ బటన్ నొక్కితే అంతే. 1987 జనవరిలో వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమాలో జరిగింది ఇదే.

మొత్తం యంత్రాన్ని ఎన్ని వేల గంటలు నడిపినా ఆ క్షణం తగులుతుందన్న గ్యారంటీ లేదు. ఆ రొటీన్‌ని విడిగా తీసి 300 సార్లు లూప్‌లో తిప్పితే రెప్పపాటులో తెలిసిపోతుంది. 2008 డిసెంబర్ 31న మైక్రోసాఫ్ట్ వారి జ్యూన్ 30 (Zune 30) మ్యూజిక్ ప్లేయర్లు ఎక్కడివక్కడ ఆగిపోవడం కూడా ఈ జాతిదే. లీపు సంవత్సరం 366వ రోజున తేదీ లెక్క అనంతమైన లూప్‌లో పడింది, మర్నాడు దానంతటదే తగ్గిపోయింది. ఆ రోజు తప్ప మరే రోజు సిస్టమ్ టెస్ట్ చేసినా అన్నీ పాసే. తేదీలు, పన్ను లెక్కలు, వడ్డీ, రౌండింగ్, సీట్ల కేటాయింపు, ఇలా ఇన్‌పుట్ కాంబినేషన్లు ఎక్కువై బయటి నుంచి అన్నిటినీ తాకడం కుదరని కోడ్ ఉంటే అక్కడ యూనిట్ టెస్టులు తప్పవు. ఆ కోడ్ మొత్తం ప్రాజెక్టులో పది శాతమే ఉండొచ్చు. ఆ పది శాతానికి గట్టిగా రాసి మిగతాదానికి రాయకపోవడమే, అన్నిటికీ 80 శాతం కవరేజ్ అనే టార్గెట్ పెట్టుకుని గెటర్లకీ సెటర్లకీ (విలువ ఇచ్చి పుచ్చుకోవడం తప్ప ఏమీ చేయని ఫంక్షన్లకి) టెస్టులు రాయడం కంటే మేలు.

కొన్నిసార్లు లెవెల్ వదిలేశామన్న సంగతే ఎవరికీ తెలియదు. 2024 జూలై 19న శంషాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాస్‌లు ఇచ్చారు, ఫొటోలు ఫోన్లన్నీ తిరిగాయి. ఆ రోజు ప్రపంచమంతా కలిపి సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు బ్లూ స్క్రీన్‌లో పడ్డాయి, కారణం క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక కంటెంట్ ఫైల్. ఫైల్‌కి కావాల్సినవి 21 ఇన్‌పుట్లు, దాన్ని చదివే కోడ్ ఇచ్చేవి 20. కంపెనీ తన నివేదికలో చెప్పినదాని ప్రకారం ఆ తరహా టెంప్లేట్‌కి మార్చిలో స్ట్రెస్ టెస్టు చేశారు, ఆ తర్వాత పంపినవి బాగానే నడిచాయి, వాలిడేటర్ పాస్ చేసింది, ఆ నమ్మకంతో దీన్ని కూడా పంపేశారు. వాలిడేటర్‌లోనే బగ్ ఉంది, పైగా కొద్దిమందికి ముందు పంపి చూసే పద్ధతి ఈ తరహా ఫైళ్లకి లేదు. సెన్సర్ కోడ్ (యంత్రంలో నడిచే వాళ్ల అసలు సాఫ్ట్‌వేర్) మారితే అన్ని లెవెల్సూ దాటి వెళ్లాలి, ఇది కోడ్ కాదు "కంటెంట్" కాబట్టి దారి వేరు. మన దగ్గర దీని పేరు "కాన్ఫిగ్ చేంజే కదా." నన్నడిగితే ఏ టీమ్‌లోనైనా లెవెల్స్ ఎగ్గొట్టే మాట వచ్చినప్పుడు మొదట చూడాల్సింది పైప్‌లైన్‌లో (టెస్టులు దాటి ప్రొడక్షన్‌కి వెళ్లే మామూలు దారిలో) లేని దారుల్ని: ఫీచర్ ఫ్లాగులు (ఫీచర్‌ని ఆన్, ఆఫ్ చేసే స్విచ్‌లు), డేటా ప్యాచ్‌లు, రాత్రిపూట ప్రొడ్‌లో నేరుగా నడిపే ఎస్‌క్యూఎల్ స్క్రిప్టులు. అక్కడ వదిలేసేది ఒక లెవెల్ కాదు, నాలుగూ.

యాక్సెప్టెన్స్ గురించి తక్కువ చెప్తే సరిపోతుంది, ఎందుకంటే సర్వీసెస్ ప్రాజెక్టుల్లో అది చాలావరకు క్లయింట్ సైన్‌ఆఫ్ మెయిల్‌గా మారిపోయింది. అది పట్టుకునే తప్పు ఎలాంటిదో మాత్రం చూడండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంచి పేరంతా ఒకే గడిలో రాయించుకున్న తెలుగువాళ్లకి అమెరికా వీసా మీద ఆ పేరంతా ఇంటిపేరు గడిలోకి పోయి, అసలు పేరు చోట "ఎఫ్‌ఎన్‌యూ" (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని వస్తుంది. అక్కడి నుంచి లైసెన్సు దగ్గరా, బ్యాంకు దగ్గరా తిప్పలు. అలాంటి ఫారం ఏ లెవెల్‌లోనూ ఫెయిల్ అవదు, స్పెక్‌లో ఉన్నట్టే పనిచేస్తుంది. స్పెక్కే తప్పని చెప్పగలిగేది ఇంటిపేరు ముందు రాసుకునే మనిషి వచ్చి కూర్చున్నప్పుడే. వెబ్ ప్రాడక్ట్ కంపెనీలు యూఏటీ ఎగ్గొట్టి ఒక శాతం యూజర్లకి ముందు వదిలి చూస్తాయి, తేడా వస్తే నిమిషాల్లో వెనక్కి తీసుకుంటాయి, అది న్యాయమైన బేరమే. జీతాల రన్‌కి, పరీక్షా ఫలితాలకి, బ్యాంక్ మైగ్రేషన్‌కి ఆ బేరం కుదరదు, వెనక్కి తీసుకోవడం ఉండదు. 2018 ఏప్రిల్‌లో బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంక్ కొత్త ప్లాట్‌ఫారమ్‌కి మారినప్పుడు రెండు డేటా సెంటర్లలో ఒకదానికే లోడ్ టెస్టులు చేశారు, లక్షల మంది తమ ఖాతాలు తామే తెరవలేకపోయారు, 2022లో 4.865 కోట్ల పౌండ్ల జరిమానా పడింది.

ఒక మాట ఎవరూ చెప్పరు: వదిలేయాలన్న నిర్ణయం ఆ రోజుకి సరైనదే అయినా దానికి కాలం చెల్లుతుంది. నైట్ క్యాపిటల్ అనే అమెరికన్ ట్రేడింగ్ కంపెనీ తన పాత ఆర్డర్ ఫీచర్ ఒకదాన్ని, దాని పేరు పవర్ పెగ్, 2003లో వాడడం ఆపేసింది, కోడ్ మాత్రం తీసేయలేదు. 2005లో ఎన్ని షేర్లు కొన్నామో లెక్కపెట్టే భాగాన్ని వేరే చోటికి మార్చినప్పుడు పవర్ పెగ్‌ని మళ్లీ టెస్ట్ చేయలేదు, వాడని ఫీచర్‌ని టెస్ట్ చేయడం ఎందుకన్నది ఆ రోజున ఎవరైనా ఒప్పుకునే మాటే. 2012లో కొత్త ఫీచర్‌కి అదే పాత ఫ్లాగ్‌ని తిరిగి వాడారు, ఎనిమిది సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ చేరలేదు. ఆగస్టు 1 ఉదయం మార్కెట్ తెరవగానే ఆ ఒక్క సర్వర్‌లో పవర్ పెగ్ లేచి, లెక్క ఎప్పుడు పూర్తయిందో తెలియక ఆర్డర్లు పెడుతూనే పోయింది, 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం. టెస్ట్ చేయనక్కర్లేదని తేల్చిన రోజునే ఆ కోడ్ డిలీట్ చేసి ఉంటే సరిపోయేది, దానికి ఒక పుల్ రిక్వెస్ట్ (కోడ్‌లో మార్పుని ఆమోదానికి పంపడం) చాలు.